అన్న చేతి కొలత

మొన్న ఆదివారం మా బిడ్డ ఇదే సూరత్‌లో ఆల్థాన్ నుంచి వచ్చి, ఒక చిన్న డబ్బా నా చేతిలో పెట్టి, మూత తీయమని చెప్పి, నా మొహం వంకే చూస్తూ నిలబడింది. తీశాను. లోపల బూడిద రంగు చేతి గడియారం. అరచేతిలో పెట్టుకుంటే, నిజం చెప్పొద్దూ, గింజ తీసిన చింతకాయ గుల్ల పెట్టుకున్నట్టే ఉంది. టైటానియమట. విమానాలకు వాడే లోహమట, చెమటకు నల్లబడదట, ఒంటికి దురద పెట్టదట. దుకాణంవాడు చెప్పినవన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పి, చివరికి తన మనసులో మాట చెప్పింది.

"పెట్టుకున్నట్టే తెల్వదు పప్పా. ఆ పాత లోహా ఇంక తీసెయ్. గింత వజన్ ఎందుకు మోస్తవ్ చెప్పు?"

పిల్ల నా మంచికే చెప్పింది, కాదనను. నా ఎడమ చేతికున్న ఈ పాత స్టీలు గడియారం బరువుది మాత్రమే కాదు, వదులుది కూడా. చెయ్యెత్తితే మోచేతి దాకా జారుతుంది, దించితే వచ్చి మెటికల మీద కూర్చుంటుంది. బడికి పోయే వయసులోనే దాన్ని చూసి, గాజులేసుకున్నావా పప్పా అని నవ్వేది. గొలుసులో రెండు లంకెలు తీయిస్తే సరిపోతుందని, ఇక్కడ గోడాదరాలో మా సందు మొగలోనే బాగుచేసేవాడున్నాడని ఎన్నిసార్లు చెప్పిందో! నేను ఏదో ఒకటి చెప్పి దాటవేస్తూ వచ్చాను. పిల్లలకు కొన్ని సంగతులు చెప్పి ఏం లాభం? ఒక నిమిషం అయ్యో అంటారు, తర్వాత ఫోను చూసుకుంటారు. పొద్దున్నే చాయ్ కంటే ముందు గడియారానికి కీ ఇచ్చుకున్న మీలాంటివాళ్లకైతే చెప్పుకోవచ్చు.

మాది సిరిసిల్ల వైపు ఒక ఊరు. నన్నూ మా అన్ననూ సూరత్‌కు తెచ్చినవాడు మా మేనబావ, అంటే మా నాయన చెల్లెలి కొడుకు. అప్పటికే ఆయన ఇక్కడి కార్ఖానాలో మేస్త్రీ. కరెంటు మగ్గాలను మేము సాంచాలు అంటాము. ఆ కార్ఖానాలో సాంచాలు నడిపే మనవాళ్లందరికీ ఆయనే పెద్దదిక్కు, సేఠ్ దగ్గర ఆయన మాటకు విలువుండేది. ఉన్నమాట చెప్పాలి, కొత్తలో మాకు అన్నం పెట్టింది ఆయనే, తెగిన పోగును సాంచా ఆపకుండా ఎట్లా కలపాలో నా వేళ్లు పట్టుకుని నేర్పిందీ ఆయనే. ఆ మంచి గుర్తున్నందుకే తర్వాతది ఇంకా మండుతుంది.

అప్పటి గదుల సంగతి మీకు వేరే చెప్పాలా? పగటి పాళీ వాడు లేచిన పరుపు మీద రాత్రి పాళీ వాడు పడుకునేవాడు, పరుపు చల్లారేదే కాదు. నేను రాత్రి పాళీ, అన్న పగటి పాళీ. ఒకడు నిద్రలో ఉంటే రెండోవాడు పనిలో ఉండేవాడు కాబట్టి లేపే దిక్కు లేదు. ఆలస్యమైతే ఆ రోజుకు నీ సాంచా ఇంకొకడికి ఇచ్చేసేవారు. అందుకని ఇద్దరం కూడబెట్టుకుని ఒక గడియారం కొందామనుకున్నాము. ఇద్దరికీ కలిపి ఒకటే.

కొనడానికి బావే వెంట వచ్చాడు, ఈ ఊరి దుకాణాల్లో మమ్మల్ని ఎక్కడ ముంచుతారో అని. స్టేషన్ దగ్గర ఒక దుకాణంలో గాజుపలక కింద వరసగా పేర్చి ఉన్నాయి. నా చూపు బంగారు రంగుదాని మీదే పడింది. ఆ వయసులో ఎవడి చూపైనా అక్కడే పడుతుంది. బావ దాన్ని తీసి, గాలిలోకి ఎగరేసి పట్టుకుని, మొహం చిట్లించాడు.

"గిది పీతల్‌రా. పైపైన పాలిష్ గంతే. మన చెమటకు నెల తిరగకముందే పచ్చగైతది."

ఆ మాట నిజమే, ఉత్త ఇత్తడి. మా గదిలోనే ఇద్దరు ముగ్గురికి మణికట్టు చుట్టూ చిలుము పచ్చగా అంటుకుని సబ్బుకు కూడా పోయేది కాదు. పైగా ఆ గొలుసులు రేకు మడిచి చేసినవి, లోపలంతా బోలు, గట్టిగా పట్టుకుంటే నొక్కుకుపోయేవి. తెల్ల పూతవి ఇంకో రకం, అవి పొరలు పొరలుగా లేచి వెంట్రుకలు పట్టి గుంజేవి. అప్పుడు బావ మా అన్నను కళ్లు మూసుకోమన్నాడు. ఒక్కొక్కటే అరచేతిలో పెట్టి, ఏది బరువున్నదో చెప్పమన్నాడు. అన్న తలూపుతూ ఊపుతూ, ఒకదాని దగ్గర ఆగి పిడికిలి మూశాడు. అదే ఇది. నిండు స్టీలు, లంకె లంకెకూ బరువు, చేతికి పెట్టుకుంటే కిరాణా కొట్టులో తూకం రాయి కట్టుకున్నట్టుండేది. బరువున్న వస్తువే మన్నుతుందని ఆ రోజుల్లో మనందరి నమ్మకం. మనుషుల విషయంలోనూ అట్లాగే అనుకునేవాళ్లం.

ఇక గొలుసు ఎవరి చేతికి కొలవాలి? అన్నది రోకలి లాంటి చెయ్యి, నాది చెరుకుగడ. దానికీ బావే దుకాణం సేఠ్‌కు తీర్పు చెప్పాడు.

"పెద్దోనికే కొల్వు సేఠ్. చిన్నోడు ఇంక బలుస్తడు తీయ్."

నేను బలిసింది లేదు, ఆ గొలుసు నాకు సరిపోయింది లేదు.

ఇంతకూ ఆ గడియారం కార్ఖానా లోపల ఒక్కరోజు కూడా ఉండలేదు. సాంచాల దగ్గరికి ఒంటిమీద ఏ లోహమూ పెట్టుకుని పోకూడదు, ఉంగరమైనా, కడియమైనా, మొలకు కట్టుకున్న తాళంచెవైనా గేటు దగ్గరే తీసేయాలి. పోగు చిక్కుకుంటే బట్ట పాడు, మోటారును సాంచాకు కలిపే తోలు పట్టా పట్టుకుంటే చెయ్యి పాడు. అందుకని మా ఇద్దరికీ ఒక పద్ధతి కుదిరింది. పాళీ మారేటప్పుడు లోపలికి పోయేవాడు విప్పి, బయటికి వచ్చేవాడి చేతికి పెట్టాలి. నిద్రపోయేవాడికే కదా గడియారంతో పని! పొద్దున గేటు దగ్గర అన్న దాన్ని విప్పి తనే నా చేతికి తొడిగేవాడు, నన్ను తీసుకోనిచ్చేవాడు కాదు. స్టీలు ఇంకా ఆయన ఒంటి వేడితో ఉండేది. రోజు మొత్తంలో మేమిద్దరం మొహాలు చూసుకునేది ఆ కాసేపే, అన్నం తిన్నావా అంటే తిన్నావా అనుకునేదీ అప్పుడే. బావ గేటు పక్కనే నిలబడి రోజూ ఎగతాళి చేసేవాడు.

"పెండ్లిల జీలకర్రబెల్లం పెట్టుకున్నట్టు గింత సేపా? నడువుండ్రి, నడువుండ్రి!"

రోజూ చూసినవాడు, అదే నేను చెప్పేది. కొనిపించినవాడు, కొలిపించినవాడు, రోజూ చూసి నవ్వినవాడు.

ఒక పగటి పాళీలో అన్న ఎడమ చెయ్యి మోటారు పట్టాలో పడింది. ఆ పట్టాకు అడ్డంగా ఇనుప జాలీ ఉండాలి. పట్టా మాటిమాటికీ జారుతోందని, మళ్లీ ఎక్కించేటప్పుడు జాలీ అడ్డొచ్చి పని ఆగుతోందని సేఠ్ దాన్ని తీసేయమన్నాడు, తీసింది బావ. నేను గదిలో నిద్రలో ఉన్నాను, గడియారం నా చేతికే ఉంది. ఎవరో తలుపు బాదితే లేచి పరుగెత్తాను. అప్పటికే అన్నను దవాఖానాకు తీసుకుపోయారు. మణికట్టు పైదాకా తీసేయక తప్పలేదు. దాని గురించి ఇంతకంటే రాయను.

అన్న కోరింది పెద్దదేమీ కాదు. ఒక చేత్తో చేసే పని ఏదైనా, బాబిన్లు అందించడమో, గేటు దగ్గర కూర్చోవడమో ఇచ్చి, ఆ కార్ఖానాలోనే ఉండనిస్తే చాలు. జాలీ లేనందువల్లే జరిగిందని తేలితే సేఠ్ పని ఇవ్వక తప్పదు, మనవాళ్ల పెద్దమనుషులు కూడా అంతే అన్నారు. అందుకే సేఠ్ ఇంకో దారి వెతికాడు. కట్టు ఇంకా విప్పకముందే, కార్ఖానా ముందు అందరూ కూర్చున్న రోజున, అన్న గడియారం పెట్టుకుని పని చేశాడని, గొలుసు పట్టాకు చిక్కుకుందని, తప్పు తనదేనని హిందీలో గట్టిగా చెప్పేశాడు. నాకు భయం వేయలేదు, నవ్వొచ్చింది. బావ అక్కడే ఉన్నాడు కదా! అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన నేల చూస్తూ ఒక్క ముక్క చెప్పాడు.

"ఉండె సేఠ్. చేతికి గడియారం ఉండె."

నాకు ఒళ్లు తెలియలేదు. ఇగో గడియారం, నా చేతికే ఉన్నది చూడుండ్రి అని అరుస్తూ చెయ్యెత్తాను. ఎత్తగానే అది జర్రున మోచేతి దాకా జారింది. సేఠ్ లేచి వచ్చి, గొలుసు సందులో వేలు పెట్టి ఊపి చూపించి, ఇది ఈ చేతి కొలతేనా అని అందరినీ అడిగాడు. దాన్ని నా చేతి నుంచి లాగి, అన్నకు మిగిలిన కుడి చేతికి పెట్టాడు. కొలిచినట్టు సరిపోయింది. కొలిచిందే ఆ చేతికి, సరిపోక ఏమవుతుంది? పెద్దమనుషులు గొణుక్కున్నారు, ఒకరిద్దరు తువ్వాలు దులిపి లేచారు. ప్రమాదం జరిగాక నేనే అన్న చేతి నుంచి తీసి దాచానని అప్పటికప్పుడు ఒక కథ తయారైంది. అన్న బావ మొహం వంకే చూస్తూ కూర్చున్నాడు, బావ తల ఎత్తలేదు.

అన్న గడియారం విప్పించి నాకే ఇచ్చి ఊరికి పోయాడు. ఊళ్లో ఉన్నవీ మగ్గాలే, వాటికీ రెండు చేతులు కావాలి. వదిన బీడీలు చేసి ఇల్లు నడిపింది, అన్న ఆమెకు తునికాకు తడిపి ఇచ్చేవాడు. అంత పని తెలిసిన మనిషి! నేను పోయినప్పుడల్లా గడియారం విప్పి, నీ కొలతదే కదా, కుడి చేతికి పెట్టుకో అని బతిమాలేవాడిని. ఒకసారి విసుక్కుని చెప్పాడు, మళ్లీ నేను అడగలేదు.

"వద్దురా. నా చేతికి గడియారం కనవడ్డదంటే వాడు చెప్పింది నిజమైతది."

అన్న పోయిన రోజున, చివరిసారి ఆ కుడి చేతికి పెడదామని గడియారం విప్పాను. ఆ మాట గుర్తొచ్చి మళ్లీ నా చేతికే పెట్టుకున్నాను.

బావకేం, బాగానే పైకొచ్చాడు. రెండు కార్ఖానాల మీద పెత్తనం, గోడాదరాలో సొంత ఇల్లు. ఆయన పిల్లలు గలవాడని, మేస్త్రీ పని పోతే గతేమిటని అప్పట్లో చాలామంది నాకు నచ్చజెప్పారు. మా అన్నకూ పిల్లలున్నారు. నేను వేరే కార్ఖానాకు మారాను, ఆయనతో మాట మానేశాను. అయితే పొద్దునపూట మా ముసలివాళ్లందరం చేరేది ఒకే చాయ్ బండి దగ్గర. నేను కావాలని ఆయన ఎదురు బల్ల మీదే కూర్చునేవాడిని, చొక్కా చెయ్యి మడిచి, గడియారం కనిపించేలా మోకాలి మీద పెట్టి. ఆయన రోడ్డు వైపు తిరిగేవాడు. ఇన్నేళ్లు దీన్ని మోసింది అందుకే. అన్న గుర్తుగా పెట్టుకున్నానని మా ఆవిడ అనుకుంటుంది, పిసినారితనమని బిడ్డ అనుకుంటుంది. ఆ మనిషి చూడాలి, చూసి చాయ్ గొంతు దిగకూడదు, అంతే.

బిడ్డ కొత్తది ఇచ్చి పోయిన మర్నాడు కూడా పాతదే పెట్టుకుని పోయాను. బావకు ఈ మధ్య మతిమరుపు వచ్చిందని, ఇంటి సందు కూడా పోల్చుకోలేకపోతున్నాడని, కోడలు వెంట వచ్చి కూర్చోబెట్టి పోతోందని అందరూ అంటుంటే నేను నమ్మలేదు. నటన ఆయనకు కొత్తా ఏమిటి? ఆ రోజు ఆయన తిన్నగా వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. నా చెయ్యి తీసుకుని, గడియారం కింద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని బరువు చూశాడు.

"మంచి ఇస్టీలు బామ్మర్దీ. మస్తు బరువున్నది. యాడ కొన్నవ్?"

సాంచాల చప్పుడుకు ఇద్దరి చెవులూ ఎప్పుడో పోయాయి. ఆయన చెవిలో నోరు పెట్టి అరిచాను. "స్టేషన్ కాడ. నువ్వే కొనిపిచ్చినవ్, నాకూ అన్నకూ!"

"నేనా? అయితే మంచి సరుకే కొనిపిచ్చిన పో!" అని బోసినోటితో నవ్వి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "అన్న ఏడి? డ్యూటీల ఉన్నడా?"

నాకు తిట్టాలనిపించింది. కానీ నా నోట్లోంచి వచ్చిన మాట వేరు. "ఆఁ, డ్యూటీల ఉన్నడు. గడియారం నాకిచ్చి లోపలికి పోయిండు."

బావ తలూపాడు. అంత తెలియని మనిషివా అన్నట్టు నన్ను చూశాడు.

"అవు మరి. సాంచాల కాడికి గడియారం ఎవడు వెట్టుకపోతడు? అన్న ఎన్నడన్న వెట్టుకపోయిండా?"

ఆ ఒక్క మాట కోసం నా జీవితమంతా ఎదురుచూశాను. వచ్చింది. వినడానికి సేఠ్ లేడు, ఆ పెద్దమనుషుల్లో ఒక్కరూ మిగల్లేదు, కార్ఖానా ఉన్నచోట అపార్ట్‌మెంట్లు లేచాయి. విన్నది నేనూ, తెలుగు ముక్క రాని చాయ్‌వాడూ. ఇప్పుడు సాంచాల మీద కెమెరాలున్నాయి, ఎవడి చేతికి ఏముందో ఇంట్లో కూర్చుని ఫోనులో చూస్తారట. ఒక మనిషి నోటిమీద ఇంకో మనిషి బతుకు ఆధారపడే రోజులు పోయాయని కుర్రాళ్లు గొప్పగా చెబుతారు. మంచిదే. గేటు దగ్గర నిలబడి ఒకరి చేతికి ఒకరు గడియారం తొడిగే రోజులూ దాంతోనే పోయాయి. ఎవరి ఫోను వాళ్లది, ఎవరి పరుపు వాళ్లది, ఎవరి నిద్ర వాళ్లది.

బిడ్డ ఇచ్చిన డబ్బా బీరువాలో ఉంది. వచ్చే ఆదివారం వచ్చేసరికి చేతికి లేకపోతే అలుగుతుంది, పెట్టుకోవాలి. చాయ్ బండి వైపు మళ్లీ పోలేదు, ఇక అక్కడ చూపించాల్సిందేమీ లేదు కూడా. పొద్దున అలవాటుగా పాతదానికి కీ ఇస్తూ కూర్చుంటే వదులు గొలుసు మెటికల మీదికి జారింది. ఇప్పుడైతే అన్న పెట్టుకునేవాడు.