బసంత్‌నగర్ అవతలి చౌడు చేను

"ఒకసారొచ్చి చేను సూసిపో బిడ్డ. అమ్ముదామంటే మీ మామ నా మాట ఇంటలేడు," అని గోదావరిఖని నుంచి మా మేనత్త ఫోన్ చేయడంతో ఈ ప్రయాణం మొదలైంది. పోశం మామ గనిలో పనిచేసి రిటైరయ్యాక బసంత్‌నగర్ అవతల కొంచెం మెట్టభూమి కొన్నాడు. ఏటా పత్తి పెడతాడు, ఏటా మొలకే సరిగా రాదు. ఈసారీ పోతే అమ్మాల్సిందేనని అత్త, ప్రాణం పోయినా అమ్మనని మామ. కరీంనగర్‌లో పిల్లలకు సైన్సు చెబుతాను కాబట్టి తీర్పు నా నెత్తిన పడింది. చౌడు గురించి నాకు తెలిసింది పాఠంలో ఉన్న నాలుగు ముక్కలే.

కరీంనగర్‌లో పొద్దున్నే బస్సెక్కితే పెద్దపల్లి మీదుగా బసంత్‌నగర్‌కు గంటన్నర పడుతుంది. మంచిర్యాల వైపు నుంచి వచ్చేవాళ్లకూ బస్సులున్నాయి. అత్తా మామా అక్కడే కలిశారు. యాభై రూపాయలకు చేను దాకా వస్తానన్న ఆటో అతను, ఏ చేనో చెప్పగానే, "ఆ చౌడు చెల్కనా? చెప్పులు చేతుల వట్టుకోని నడువుండ్రి అక్కా," అన్నాడు. ఎందుకో దిగాక అర్థమైంది.

రెండు మూడు రోజుల కిందట వాన పడిందట. పక్క చేలన్నీ ఆరిపోయాయి. మామ చేను నడుమ మాత్రం నల్లటి నీళ్లు ఇంకకుండా నిలిచి, కాలు పెడితే చెప్పు ఊడిపోతోంది. గట్టు వెంట ఉప్పు చల్లినట్టు తెల్లటి పొర. అంత తడిలోనూ పత్తి మొక్కలు ఆకుల అంచులు మాడి వాడిపోతున్నాయి. పారతో జానెడు తవ్వి చూస్తే లోపల పొడి మట్టి. నీళ్లు ఎక్కువై చస్తున్నాయా, చాలక చస్తున్నాయా? నాకేమీ తోచలేదు. అత్త నా మొహమే చూస్తోంది.

చౌడుకు మందు తాను ముందే వేశానని మామ అన్నాడు. గనిలో బొగ్గుదుమ్ము నిప్పంటుకుని పేలకుండా గోడల మీద సున్నపురాయి పొడి చల్లుతారు. ఏళ్ల తరబడి అదే ఆయన పని. వ్యవసాయ అధికారి జిప్సం చల్లమంటే, తెల్లపొడి సంగతి నాకొకరు చెప్పాలా అనుకుని ఆ సున్నపురాయి పొడే కొనితెచ్చి చల్లాడు.

"నలుపు కనవడకుంట చల్లిన. గనిల గదే లెక్క," అన్నాడు గర్వంగా.

నాకు అనుమానం వచ్చి ఆ అధికారికే ఫోన్ చేశాను. ఆయన చెప్పింది సగం ఎక్కింది, సగం ఎక్కలేదు. గట్టు వెంట ఉన్నది ఉప్పు చౌడు; నేలలో తేమ ఉన్నా వేరుకు అందనివ్వదు. నడుమ ఉన్నది కారు చౌడు. తడిస్తే మట్టి మూసుకుపోయి నీళ్లు దిగవు, ఎండితే రాయి. అలాంటి నేలలో సున్నపురాయి పొడి కరగనే కరగదు, జిప్సమే కావాలి. పోనీ అది వేసినా చెడును కిందికి కడగడానికి నీళ్లుండాలి, బావి లేని మెట్టలో అదంతా వాన దయ. మాత్ర ఉంది, మింగడానికి నీళ్లు లేవు. ఈ ఏటికి పత్తి మాని, పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి పూత దశలో కలియదున్నమన్నాడు.

ఇదంతా మామకూ అత్తకూ చెప్పాను. అత్త విరుచుకుపడుతుందని భయపడ్డాను. ఆమె గట్టు మీద కూర్చుని, "ఆ పొడి చల్లవట్టే గద ఇన్నేండ్లు నువ్వు, నీతోటోళ్లు పానంతోని ఇండ్లకొచ్చిండ్రు. గీడ అక్కరకు రాలే, గంతే," అంది. మామ మొహం అటు తిప్పుకున్నాడు. నాకూ కళ్లు చెమర్చాయి.

తీర్పు చెప్పడానికి వెళ్లి ఏ తీర్పూ చెప్పకుండానే తిరిగొచ్చాను. ఆ నేల ఎప్పటికైనా దారికొస్తుందో, అమ్మేయడమే మేలో ఇప్పటికీ తెలియదు. ఇలాంటి చేను చూడబోయేవాళ్లకు చెప్పగలిగింది ఒక్కటే: విత్తనం కొనకముందే తెల్లటి చోట మట్టి, నల్లటి చోట మట్టి విడివిడిగా కట్టి భూసార పరీక్షకు ఇవ్వండి, కలిపితే ఏ జబ్బో తేలదు. ఇక అమ్మకం సంగతంటారా, నేను బస్సెక్కుతుంటే అత్త మామతో అంటోంది: "జీలుగ ఇత్తనాలు నేను చల్లుత. నువ్వు గట్టు మీద కూసోని సూడు."