గిరక బావి దగ్గర పడవ పందెం

ఆ రోజుల్లో మెదక్‌లో నలుగురు పడుచువాళ్లు ఒకచోట చేరితే చాలు, ఇరుగుపొరుగు తలుపులు మూసుకునేవారు. ఒకవైపు సాయుధ పోరాటం, ఒకవైపు గస్తీలు. అలాంటి కాలంలో తెల్లవారుతూనే కండలు పెంచడానికి బయలుదేరిన నలుగురిలో నేనొకణ్ణి. బడిలో కొత్తగా పంతులుగా చేరాను, వయసు పందొమ్మిది, బరువు చెప్పను. మా డ్రిల్ సారు మద్రాసులో చదివేటప్పుడు పడవ పందేల్లో తెడ్డు వేశారట. వానలు వెలిశాక పట్నం జట్టు పడవలతో సహా వచ్చి మా చెరువులో పోటీపడుతుందని చెప్పి మమ్మల్ని ఎంచుకున్నారు. (ఎంచుకోవడమంటే, ఆయన అడిగితే కాదనలేకపోయింది మేం నలుగురమే.)

పడవ వచ్చేదాకా ఆగితే దమ్ము ఎప్పుడు పెరుగుతుందని సారు బడి బావి గిరకకు మోకు వేసి, ఒక కొసకు ఇసుక మూట కట్టారు. మేం వరుసగా నేలమీద కూర్చుని, కాళ్లు రాళ్లకు తన్నిపెట్టి, ఆయన ఈల వేసినప్పుడల్లా వెనక్కి వాలి లాగాలి. అలా రెండొందల సార్లు. ఆ పైన పక్క ఊరు హవేలిఘనపూర్ దాకా పరుగు. మొదటి వారం అన్నం ముద్దను నోటిదాకా ఎత్తలేక నేనే ముద్ద దగ్గరికి వంగేవాణ్ణి. అమ్మ దవాఖానకు పొమ్మని పోరేది. నెల తిరిగేసరికి మూట రెట్టింపు బరువైంది, మేమూ లాగగలుగుతున్నాం.

ఒక పొద్దున గస్తీ జవాను మమ్మల్ని ఆపి, ఎందుకు ఉరుకుతున్నారని అడిగాడు. పడవ పందెం కోసమని నిజమే చెప్పాను.

"పడవ ఏడుంది?"

"ఇంకా రాలేదు సాబ్."

"పడవ పందానికి ఎవలన్న రోడ్డు మీద ఉరుకుతరా?" అని మమ్మల్ని ఠాణాకు నడిపించాడు. మధ్యాహ్నానికి సారు వచ్చి పట్నం జట్టు రాసిన ఉత్తరం చూపించి విడిపించారు. బతికి బయటపడ్డామని నేను గబగబా ఇంటిదారి పట్టాను. ఆయన మాత్రం ఒక పూట సాధన పోయిందని నొచ్చుకున్నారు.

వానలు వెలవకముందే పోలీసు యాక్షన్ అంటూ యూనియన్ సైన్యం దిగింది. పట్నం జట్టు ఏమైందో తెలియలేదు, పడవ రానేలేదు. కొన్నాళ్లకు మిలిటరీ లారీ ఒకటి బడి వెనక బురదలో దిగబడింది. సిపాయిలు దాని ముందు భాగానికి మోకు కట్టి, లాగడానికి మనుషుల్ని పిలిచారు. మేం నలుగురం వెళ్లి మోకు పట్టుకుని, అలవాటుకొద్దీ బురదలో వరుసగా కూర్చున్నాం. వెనక నుంచి నెట్టడానికి నిలబడ్డ సిపాయిలు పగలబడి నవ్వారు. సారు ఈల వేశారు. పదో ఈలకో పన్నెండో ఈలకో లారీ కదిలింది, నవ్వు ఆగింది. సారు చెరువు వైపు ఒకసారి చూసి, "జర మంచిగ కడుక్కోండ్రి" అన్నారు, అంతే.

నేను పడవ ఎక్కింది ఈ మధ్యనే, మనవరాలి పోరు పడలేక. ఒక్కసారి తెడ్డు ఇమ్మని అడిగాను. పడవ నడిపే మనిషి నా చేతులు చూసి, "వద్దు తాతా, రెక్కలు గుంజుతయి" అన్నాడు. సరేనని వెనక్కి జరిగి కూర్చున్నాను గానీ, అతను వెనక్కి వాలి లాగినప్పుడల్లా నా వీపు కూడా కొంచెం వాలుతూనే ఉంది.