శీనుగాడు సి లో తెరిచిన విండో

నిన్న పొద్దున పెనుకొండలో హిందూపురం ట్రైన్ ఎక్కుతాంటే ఫోన్.
"ధర్మవరం శీను పోయినాడప్పా. బత్తలపల్లి రోడ్డులో బండి స్కిడ్ అయింది."

ఏ శీను అని అడిగినా.
నాకు తెలిసిన శీను ఒక్కడే. అయినా అడిగినా.

ఇంకా అర్థం కాలా. కోపం వస్తాంది, ఎవురి మీదో తెలీదు.

శీను వాళ్ల నాయన పట్టుచీరలకు డిజైన్లు గీస్తాడు. గ్రాఫ్ పేపర్ మీద గడి గడికీ రంగు. మగ్గం ఎక్కినాక తప్పు బయటపడితే మళ్లా మొదట్నుంచి. అది ముందే కంప్యూటర్లో చూపియ్యల్లని శీనుగాని పిచ్చి.

వాడు ఇంటర్ ఫెయిల్. నేను ఫ్యాక్టరీలో హెల్పర్. ఫోన్లో వీడియోలు చూసి సి ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాం. కోచింగ్ సెంటర్ సారు "మీకేంటికప్పా ఇయన్నీ" అని నవ్వినాడు.
అదే సారు ఇయ్యాల స్టేటస్‌లో "బ్రిలియంట్ బాయ్" అని పెట్టినాడు.
తీసెయ్ సార్.

ఒక్క ఖాళీ విండో తెరిపిచ్చేకి మూడు వారాలు. వచ్చేది, మాయమయ్యేది. మౌస్, కీబోర్డ్ ఏం చెప్తాయో వింటా ఉండేకి ఆగకుండా తిరిగే లూప్ ఒకటి రాయల్లంట. మాకెవురు చెప్పినారు?

తర్వాత శీను అందులో గళ్లు గీసి, నాయన డిజైన్ ఒకటి నింపి, ఆయన్ను పిలిచినాడు.
మామిడి పిందెలన్నీ తలకిందులు!
చీర డిజైన్లో మొదటి వరస కిందుంటాది, కంప్యూటర్‌కు పైన.
"తప్పు కంప్యూటర్‌దే మామా! చీర పైనుంచి ఎవురన్నా నేస్తారా?" అని నాతో కొట్లాట.
"సరేలేరా, చూసేటోళ్లని శీర్షాసనం ఎయ్యమను" అన్నాడు నాయన.

సరి చేసినాడు. గీసింది సేవ్ చేసే భాగం మాత్రం నాది. ఆదివారం రాస్తా, ఆదివారం రాస్తా అని దాటేసినా.

నిన్న వాళ్లింటికి పోతే ల్యాప్‌టాప్ ఆన్‌లోనే ఉండాది. విండోలో నెమలి. మొన్న సాయంత్రం నాయనా కొడుకూ పక్కపక్కన కూచోని గీసినారంట. నాయన మౌస్ పట్టింది అదే మొదలు.
ఇప్పుడు ల్యాప్‌టాప్‌ను ఎవురినీ ముట్టనియ్యడంల్యా.

"అబ్బా, ఇది మూస్తే మళ్లా తెరుచుకుంటాదా?" అని నన్నడిగినాడు.

విండో తెరుచుకుంటాది నాయనా. నెమలి ఉండదు.
ఛార్జర్ పీకొద్దు అని మాత్రం చెప్పినా.

ఫోటో తీసినా. కానీ అది ఫోటోనే కదా.

నడుస్తాండే ప్రోగ్రాంలో నుంచి ఆ గళ్లు బయటికి తీసేది ఎట్లో తెలిసినోళ్లు ఎవురన్నా ఉంటే ఫోన్ చేయండి. దండం పెట్టే బొమ్మలు పంపద్దండి.

పోయిరా శీనూ. నీకైనా నెమ్మది దొరకనీ.