కుడి సీట్లో సోనామసూరి

నా కారు వస్తుంటే మిషిగన్‌లో మా ఊరు నోవైలో ఉడతలు కూడా రోడ్డు మీంచి తప్పుకునేవి కావు. అది తమ దాకా వచ్చేలోపు మంచు కురవడం మొదలవుతుందని వాటికి తెలుసు.

పాత టర్బో కారు. దాన్ని తయారుచేసినవాళ్ళు దుకాణం కట్టేసి చాలా కాలమైంది. కొత్తగా ఉన్న రోజుల్లోనూ దాన్ని ఎవరూ ముద్దుచేయలేదు. మునక్కాయ రంగు, పొడుగాటి ముక్కు, ఎవరో తొందర్లో కత్తిరించి పారేసినట్టుండే వెనక భాగం. ఆక్సిలరేటర్ తొక్కాక టర్బో నిద్ర లేచేలోపు నేను కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించిన సందర్భం ఉంది. లేచాక మాత్రం వీపు సీటుకి అతుక్కుపోయేది. ఆ కుదుపుకి ఒకసారి రేడియోలో స్టేషన్ మారిపోయింది. నమ్మనివాళ్ళని నేను బలవంతపెట్టను.

మా ఆవిడ ఎలాగూ నమ్మదు. అయినా ఆవిడ గొడవ టర్బోతో కాదు, గరాజ్‌తో. మా గరాజ్‌లో ఒక్క కారుకే చోటు. ఆ చోట్లో నా కారు ఏడాది పొడుగునా బోల్టులు ఊడదీసుకుని పడుకుంటే, ఆవిడ కారు బయట మంచులో నిలబడేది. చలికాలం పొద్దున్నే ఆఫీస్‌కి వెళ్ళేముందు ఆవిడ అద్దం మీది ఐస్ గీకుతుంటే, ఆ చప్పుడు కిటికీలోంచి వచ్చి సరిగ్గా నా వీపుకే తగిలేది.

ఆవిడ తమ్ముడు కొత్త ఎలక్ట్రిక్ కారు కొని మాకు చూపించడానికి వచ్చినరోజు వ్యవహారం తేల్చుకునేదాకా వచ్చింది. మా ఊరికి దగ్గర్లో ఒక పెద్ద పార్కింగ్ లాట్‌లో కొన్ని ఆదివారాలు నారింజరంగు కోన్‌లు పేర్చి, వాటి మధ్యలోంచి ఒక్కో కారునీ మెలికలు తిప్పిస్తూ టైం కొలుస్తారు. అక్కడ తన కారు అందర్నీ ఉతికేసిందని మా బావమరిది పప్పన్నం తింటూ చెప్పాడు.

"నాది దానికన్నా ఫాస్ట్," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నోరు అలవాటు.

"బావా, నీది ముందు స్టార్ట్ అవ్వాలి కదా," అన్నాడు వాడు.

మా ఆవిడ గరిటె కింద పెట్టింది. "మంచు పడేలోపు ఒక్కసారి అక్కడ మీ కారుతో వీడి టైంని ఓడించండి. ఓడిస్తే గరాజ్ దానికే రాసిచ్చేస్తా, మళ్ళీ నోరెత్తను. ఓడించకపోతే టో ట్రక్ పిలిచి తుక్కుకి పంపించేస్తా. సరేనా?"

సరే అన్నాను.

ఆ వేసవి నేను బతికినట్టు ఇంకెప్పుడూ బతకలేదు. ఆఫీస్ మీటింగ్‌లో కెమెరా ఆపేసి పిస్టన్‌ల గురించి చదివాను. మంచు కరగడానికి మిషిగన్ రోడ్ల మీద చల్లే ఉప్పు తిని నా కారు అడుగుభాగం ఊరగాయలా ఊరిపోయింది. ఒక్కో బోల్టూ ఊడటానికి ముందు నన్ను ఏడిపించింది. ఒకటి విరిగి ఎగిరి పక్కింటివాళ్ళు పెరట్లో మాంసం కాల్చుకునే గ్రిల్ మీద పడితే, వాళ్ళు దాన్ని కూడా తిప్పి కాల్చారు.

"టర్బోకి ఏం చేస్తున్నారు?" అని ఒకరోజు మా ఆవిడ అడిగింది, ఉత్సాహంతో కాదు, అనుమానంతో.

"కుక్కర్ మీద వెయిట్ ఉంటుంది కదా, అది కొంచెం బరువు పెంచామనుకో, విజిల్ వచ్చేలోపు లోపల ప్రెషర్ ఎక్కువ పుడుతుంది. అదే ఇక్కడ."

"కుక్కర్ పేలిపోతుంది."

"అందుకే గాలిని చల్లబరిచే పెద్ద రేడియేటర్ లాంటిది కూడా వేస్తున్నా."

టైర్లు మార్చాను. పొట్టి, గట్టి స్ప్రింగులు వేశాను. వాటికి మరలుంటాయి, తిప్పితే ఆ మూల కారు ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది. నాలుగు మూలలూ సరిచూసేటప్పుడు డ్రైవర్ సీట్లో డ్రైవరంత బరువు ఉండాలని చదివాను. డ్రైవర్నేమో నేను, నేను కారు కింద ఉన్నాను. అందుకని వంటింట్లోంచి సోనామసూరి బియ్యం బస్తాలు మోసుకొచ్చి సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. ఎన్ని బస్తాలో రాయను, రాస్తే నా బరువు తెలిసిపోతుంది. కారు గరాజ్‌లో ముక్కు బయటికి ఉండేలా పెట్టి ఉంది. ఎదురుగా నిలబడి, చేతికి అలవాటైన తలుపు తీశాను. హైదరాబాద్‌లో డ్రైవింగ్ నేర్చుకున్న చెయ్యి అది. అమెరికాలో డ్రైవర్ సీటు ఎడమవైపని మరిచిపోయి, పోయి పోయి కుడివైపు తలుపు తీసింది.

పని పూర్తయ్యాక ఎడమవైపు నేనెక్కి కూర్చుంటే పక్కసీట్లో బస్తాలు కనబడ్డాయి. అప్పుడైనా తట్టాలి. తట్టలేదు. దించే ఓపిక లేక అలాగే బయల్దేరాను.

అబ్బ, ఏం తిరిగిందండీ కారు. హైవే దిగే వంపులో స్టీరింగ్ తిప్పాలని ఇలా అనుకునేసరికి అలా తిరిగిపోయింది. టర్బో ఈల నాలుగు వీధులకి వినబడింది. ఆ వారమంతా పాలకి వెళ్ళాను, కొత్తిమీరకి వెళ్ళాను, ఏమీ అక్కర్లేకపోయినా వెళ్ళాను. బస్తాలు పక్కనే ఉన్నాయి, నోరెత్తని ప్రయాణికుల్లా.

ఆదివారం వచ్చింది. కారు అంత్యక్రియలకి వచ్చినట్టు మా ఆవిడ పులిహోర డబ్బాతో వచ్చింది. కార్లు తనిఖీ చేసే తెల్లాయన, ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, లోపలికి తొంగిచూసి ఇదేంటని అడిగాడు.

"మా ఇంటి దేవత," అన్నాను ఇంగ్లీషులో. "ఈవిడ లేకుండా మేం గడప దాటం."

ఆయన టోపీ తీసి బస్తాలకి గౌరవంగా తల వంచి, "సారీ, దేవతైనా దిగాల్సిందే," అన్నాడు. వదులుగా ఉన్న సామానేదీ కార్లో ఉండకూడదట.

దింపాను. ఒక్కొక్కరికి మూడు పరుగులు. మొదటిదాంట్లో ఎడమవైపు తిప్పితే కారు ఎగిరి దూకింది, కుడివైపు తిప్పితే బద్ధకంగా మూలిగింది. నేను కొట్టిన కోన్‌లు ఏరడానికి మనుషులు చాల్లేదు. రెండోదీ అంతే. మా బావమరిది అప్పటికే మంచి టైం కొట్టేసి పులిహోర తింటున్నాడు.

"బావా, కోన్‌ల మీద ఏమన్నా పగ ఉందా నీకు?"

నేను కారు ముందుకొచ్చి నిలబడ్డాను. చూస్తే అది ఒక భుజం ఎగరేసిన రౌడీలా ఉంది. కుడివైపు ఎత్తు, ఎడమవైపు పల్లం. బుర్రలో దీపం వెలిగింది. నేను బస్తాలు కూర్చోబెట్టింది నా సీట్లో కాదు, పక్కసీట్లో; అవి దిగేసరికి ఆ వైపు తేలిపోయింది. మర తిప్పే పనిముట్టు ఇంటి దగ్గర గరాజ్‌లోనే ఉండిపోయింది. మిగిలింది ఒక్క పరుగు. పక్కసీట్లో మనిషిని ఎక్కించుకోవచ్చు, హెల్మెట్ ఉంటే చాలు.

మా ఆవిడ దగ్గరికి వెళ్ళి, "ఒక్కసారి పక్కన కూర్చోవా?" అన్నాను. సంగతి చెప్పాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నేను కూర్చుంటే మీరు గెలుస్తారు. గెలిస్తే నా గరాజ్ పోతుంది. నా గొయ్యి నేనే తవ్వుకోవాలా?"

వాళ్ళ తమ్ముడే నన్ను కాపాడాడు.

"వద్దక్కా. నువ్వెక్కితే పాపం దానికి ఓవర్‌లోడ్ అయిపోద్ది," అన్నాడు నవ్వుతూ.

మా ఆవిడ పులిహోర డబ్బా వాడి చేతిలోంచి లాక్కుని మూత పెట్టింది. క్లిప్పు తీసి జడ ముడేసుకుని హెల్మెట్ పెట్టుకుంది.

"పదండి."

జెండా ఊగింది. టర్బో ఈసారి కాఫీకి ఆగలేదు. మొదటి మెలికలోనే నాలుగు చక్రాలూ నేలని కరుచుకున్నాయి. ఎడమ, కుడి, ఎడమ, కోన్‌లు పక్కనించి గాలిలా పోతున్నాయి. నా పక్కన కూర్చున్నప్పుడల్లా లేని బ్రేకుని కాలితో తొక్కే మనిషి, ఆరోజు లేని ఆక్సిలరేటర్ తొక్కుతోంది.

"బ్రేక్ ఎందుకేస్తున్నారు? వదలండి. అదిగో, అటు, అటు. మీరు నోరు మూసుకుని తిప్పండి."

నేను నోరు తెరవనేలేదు. చివరి వంపులో వెనక భాగం కొంచెం జారింది, గుండె ఒక కోన్ ముందుకెళ్ళిపోయింది, కారు మాత్రం దానంతటదే సర్దుకుని గీత దాటింది. ఒక్క కోనూ పడలేదు.

బావమరిది టైం కంటే రెప్పపాటు తక్కువ.

"అక్కా, ఇది కౌంట్ అవదు. ఇద్దరున్నారు," అన్నాడు వాడు పరిగెత్తుకొచ్చి.

"నా బరువు కూడా మోసి గెలిచింది రా అది. రెండుసార్లు కౌంట్ చెయ్యాలి."

తనిఖీ పెద్దాయన కూడా అది చెల్లుతుందని చెప్పాడు.

తిరుగుప్రయాణంలో మా ఆవిడ తాళాలు ఇమ్మంది. ఇచ్చాను. హైవే దిగే వంపు దగ్గర మా ఇంటివైపు తిరగకుండా మళ్ళీ హైవే ఎక్కింది, ఇంకోసారి దిగింది. ఇల్లు చేరాక గరాజ్ తలుపు తెరిచి, బయట నిలబడ్డ తన కారువైపు చూడనైనా చూడకుండా, తనే దీన్ని లోపల పెట్టింది. ఇంజన్ ఆపలేదు. స్టీరింగ్ మీంచి చేతులు తియ్యకుండానే నావైపు తిరిగింది.

"వెనక చక్రాలు ఇంకా కొంచెం జారుతున్నాయండీ. దానికేం చెయ్యాలి?"