అప్పలస్వామి మాస్టారి పాఠాల్లో నేను చెరిపేసిన విరామం

“కో రమణా, మాస్టారు ఎలిపోనారు” అని అహ్లోన్ పేటలోని ఆయనింటి నుంచి కబురొచ్చేసరికి నేను పబేడాన్‌లోని మా దుకాణంలో ఎవరిదో ఫోన్ విప్పి కూర్చున్నాను. ముందురోజు సాయంత్రం నాతో నవ్వుతూ మాట్లాడిన మహానుభావుడు! ఆ ఫోన్ తిరిగి ఎలా బిగించానో నాకిప్పటికీ గుర్తు లేదు.

బర్మీస్‌లో ‘కో’ అంటే అన్న, ‘ఊ’ అంటే గారు. ఊ అప్పలస్వామి మాస్టారి పూర్వీకులు శ్రీకాకుళం నుంచి ఇక్కడి రేవులో బస్తాలు మోయడానికి వచ్చినవారు. ఆయన ఓడ ఇంజను గదిలో పనిచేస్తూ, దక్షిణాఫ్రికా ఇంజనీరు దగ్గర ఆఫ్రికాన్స్ భాష అభ్యసించారు. ఉద్యోగ విరమణ తర్వాత, ఆ దేశానికి పనికి వెళ్ళదలచిన, ఇంగ్లీషు వచ్చిన మాబోటివాళ్ళకు ఇంటి ముందుగదిలో ఓనమాలు దిద్దించారు.

“ఇంగ్లీషొచ్చినోడికి బయమేటి? ఎక్ ప్రాట్, యెయ్ ప్రాట్, ఓన్స్ ప్రాట్. నేను మాటాడినా, నువ్వు మాటాడినా, మనందరం మాటాడినా క్రియ మారదు” అనేవారు. గొంతు గీరుకున్నట్టు పలకాల్సిన ‘జి’ దగ్గర మాత్రం రాజీ లేదు. మేం తంటాలు పడుతుంటే ఆయన భార్య సూరమ్మ పిన్ని వేడినీళ్ళు తెచ్చేది. ఒకరోజు గుమ్మంలోనే నిలబడి, ఆ అక్షరాన్ని మా అందరికన్నా శుద్ధంగా పలికింది. “సూసారా! బడికెల్లనిది పలికింది, మీకేటయ్యింది?” అని మాస్టారు పొంగిపోయారు.

వాక్యం చెప్పి ఆగడం ఆయన పద్ధతి. శిష్యుడు పలికేదాకా, ఎంతసేపైనా, సహనమూర్తిలా ఎదురుచూసేవారు. నేను ఫోన్‌లో ఆయన పాఠాలు రికార్డు చేసినప్పుడూ అలాగే ఆగారు.

నేనేమో తెలివిమీరినవాణ్ణి. పాఠాలు శిష్యులకు త్వరగా పంపొచ్చని ఆ ఖాళీలన్నీ కత్తిరించి, అసలువి తుడిచేశాను. మాస్టారు విని నవ్వారు. “బాగుందిరా. మరి ఆడు పలకడానికి సోటేదీ?” అన్నారు. ఆయనతో నా ఆఖరి సంభాషణ అదే.

కర్మకాండ ముగిశాక పిన్ని పిలిచింది. ఫోన్ ముందు కూర్చుని ఉంది. “హూ ఖాన్ డిత్ మెత్ యౌ?” అని మాస్టారి స్వరం అడిగింది. ఎలా ఉన్నావని. పిన్ని నోరు తెరిచేలోగా ఆ స్వరం తర్వాతి వాక్యానికి వెళ్ళిపోయింది.

“ఈయనేటిరా, నా జవాబు కోసం ఆగట్లేదు?”

నిజం చెప్పాను. ఆమె ఆ ప్రశ్ననే మళ్ళీ మొదటినుంచి పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే వెళ్తున్నాను. ఆ ప్రశ్న కాగానే వేలితో ఆపుతాను. “ఖుత్, డాంకి” అంటుంది పిన్ని. బాగున్నాను అని. తర్వాత దుకాణానికొస్తే, ఎవరు మాట మధ్యలో ఆగినా మాస్టారు గదిలో ఉన్నట్టే తలెత్తి చూస్తాను.

మొన్న పిన్ని నా చెయ్యి పట్టుకుంది. “ఇంక ఆపకు బాబూ. నువ్వు ఆపితే బొత్తిగా సప్పుడుండదు. ఆయన ఆగితే ఊపిరి ఇనబడేది.”

మాస్టారూ, ఇక ఏ విద్యతోనూ తిరిగిరాని ఆ ఊపిరిని పనికిరాదని తీసేసింది నేను. మీ పాదాలకు మొక్కుతున్నాను. క్షమించమని మాత్రం అడగలేను.