మూత మీద నిప్పులు

చీపురుపల్లి దగ్గర మా ఊరికి నన్ను ఆశా కార్యకర్తగా వేసినప్పుడు నా చదువు ఎనిమిదో తరగతి. వయసైపోయి సంచి అప్పజెప్పిన రోజుకూ అంతే. మిగతాదంతా శిక్షణల్లోనూ, జనం ఇళ్ళ గుమ్మాల్లోనూ నేర్చుకున్నాను. ఇప్పుడు చెప్పేది కరోనా మాస్కులు తీసేశాక వచ్చిన రెండో చలికాలం, పుష్యమాసంలో జరిగింది.

మా పని తెలియని వాళ్ళకు ముందు రెండు మాటలు చెప్పాలి. ఆరోగ్యశాఖ నిచ్చెనలో ఆశ అట్టడుగు మెట్టు. మా పైన ఏఎన్ఎం. ఆమెను అందరం సిస్టర్ అంటాం. ఆమె పైన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు. కాన్పయి ఇంటికొచ్చిన తల్లీబిడ్డల్ని మొదటి నెలన్నరలో కొన్ని నిర్ణయించిన రోజుల్లో ఇంటికెళ్ళి చూడటం మా విధి. సంచిలో థర్మామీటరు, బిడ్డను గుడ్డలో వేసి వేలాడదీసే త్రాసు, సెకన్ల ముల్లున్న వాచీ ఉంటాయి. కరోనా వచ్చాక వేలికి తగిలించే ఆక్సిజన్ మిషన్ కూడా ఇచ్చారు. బిడ్డలో ప్రమాద సూచన కనిపిస్తే మేము వైద్యం చేయకూడదు, పైకి పంపాలి. పంపాలా, అక్కర్లేదా అని తేల్చుకోవడంలోనే మా గుండె సగం అరిగిపోతుంది. ఊరికే పంపితే ఇంటివాళ్ళు తిడతారు, పంపకపోతే ఏం జరుగుతుందో తెలియదు.

సూరమ్మ నాకు వరసకు వదిన. ఆమె కూతురు గౌరి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టి రెండు వారాలు అయింది. అంతకు ముందు వానాకాలందాకా సూరమ్మ తాటాకింట్లోనే ఉండేది. ఆ ఏడు అది తీసేసి అదే జాగాలో ఒక గది, ముందు చిన్న వరండాతో స్లాబు ఇల్లు కట్టుకుంది. ఇనప తలుపులున్న కిటికీ ఒకటి. పక్కన పొలాలే కాబట్టి గాలి నేరుగా వచ్చి కొడుతుంది. వంట పెరట్లో, రేకుల పంచన.

సూరమ్మ మినపరొట్టె మా వీధిలో పేరుపడ్డది. చలికాలం పొద్దుట మా వైపు ఇళ్ళల్లో దీనికి మించిన తిండి లేదు. నానబెట్టిన మినప్పప్పు గట్టిగా రుబ్బి, బియ్యపు నూక కలిపి ఒక రాత్రి పులియనిస్తారు. మందపాటి ఇనప మూకుట్లో నూనె పోసి ఆ పిండి మూడు వేళ్ళ మందాన పరుస్తారు. మంట మీద పెడితే అడుగు మాడుతుంది, నడుమ పచ్చిగా ఉండిపోతుంది. అందుకని కుంపట్లో నిప్పులు పోసి దాని మీద మూకుడు పెట్టి, మూసిన మూత మీద కూడా నిప్పులు పోస్తారు. పైనా కిందా సెగ తగులుతూ నెమ్మదిగా కాలుతుంది. అంచు ఎర్రగా కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. ముక్కలు కోసి బెల్లం పాకంలో ముంచుకుని ఇంటిల్లిపాదీ మూకుడు చుట్టూ కూర్చుని తింటారు. బాలింతకు బలమని కూడా పెడతారు.

ఆ రోజు నేను వెళ్ళేసరికి మంచు ఇంకా విడలేదు. గది తలుపు మూసి ఉంది. తలుపు కింద సందులో గోనెసంచి కుక్కి ఉంది. పిలిస్తే సూరమ్మ తలుపు కాస్త తీసి, "వేగిరం రా వదినా, సలి లోపలికొచ్చెత్తాది" అని నన్ను లాగినట్టే లోపలికి తీసుకుంది. కరెంటు లేదు. గది వెచ్చగా, చీకటిగా ఉంది. మూల కుంపటి మీద మూకుడు, మూత మీద బూడిద పట్టిన నిప్పులు. పొగ లేదు. కమ్మటి రొట్టె వాసన. నిజం చెప్పాలంటే నాకూ ఆకలేసింది.

గౌరి మంచం మీద తలకు గుడ్డ కట్టుకుని పడుకుని ఉంది. పక్కన పాప. ముందు రోజు బొబ్బిలి నుంచి వచ్చిన అల్లుడు అప్పలనాయుడు చాప మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"అల్లుడికేటైనాది?" అన్నాను.

"తలనొప్పి. రేతిరి ఏటి తాగొచ్చినాడో ఎవుడికి తెలుసు" అంది సూరమ్మ.

"నీ కూతురి మీదొట్టు అత్తా, టీ తప్ప ఏటీ తాగనేదు. నీ రొట్టి వాసనకే తల తిరిగీసింది" అన్నాడు అతను.

"నాకూ పొద్దున్నించీ తల పగిలిపోతన్నాది. మంచు పట్టీసింది అందరికీని" అని సూరమ్మ కొట్టిపారేసింది.

శిక్షణలో మాకు ఒక వరస నేర్పారు. ముందు చేతులు కడుక్కోవాలి. తర్వాత తల్లిని అడగాలి, బిడ్డ పాలు తాగుతోందా అని. గౌరి మాట ముద్దగా వచ్చింది. "తెల్లారగట్ల నుంచి తాగనేదత్తా. నోట్లో పెడితే వొగ్గీసి పడుకుంటన్నాది." పాలు తాగకపోవడం ప్రమాద సూచనల్లో మొదటిది.

ఇక ఊపిరి లెక్కపెట్టాలి. బిడ్డ చొక్కా పైకెత్తి, పొట్ట ఎగసి పడటం చూస్తూ వాచీలో ఒక నిమిషం లెక్కించాలి. ఆ చీకట్లో పొట్టా కనిపించలేదు, ముల్లూ కనిపించలేదు. గోనె లాగేసి తలుపు బార్లా తీశాను, కిటికీ తలుపులు రెండూ తోశాను. సూరమ్మ గొంతు లేచింది. "ఏటి వదినా ఈ పని? పసిగుడ్డుకి సలి కొట్టీదా? నీకు ఉజ్జోగం ఇచ్చినోడెవుడు?"

ఒక్క నిమిషం ఆగమని లెక్కపెట్టాను. ఊపిరి వేగంగా లేదు. డొక్కలు ఎగరేయడం లేదు. చంకలో థర్మామీటరు పెడితే వేడి సరిగ్గానే ఉంది. కానీ అరికాలి మీద వేలితో తట్టినా పాప మొహం చిట్లించిందే తప్ప ఏడవలేదు. రెండోసారి తట్టాను. అదే తీరు. ఇంతలో అప్పలనాయుడు లేచి బయటికెళ్ళి గోడ పక్కన కక్కుకున్నాడు. గౌరిని లేపి కూర్చోబెడదామంటే మోకాళ్ళు నిలవడం లేదు. మిషన్ ఆమె వేలికి పెట్టాను. తొంభై ఎనిమిది. కరోనా రోజుల్లో ఆ అంకె కనిపిస్తే ఇంట్లో దీపం పెట్టుకున్నంత ధైర్యం వచ్చేది. ఆ రోజు ఆ అంకె చూశాక నాకు భయం ఇంకా పెరిగింది. అంతా బాగుంటే మరి గౌరి ఎందుకు లేవలేకపోతోంది?

సిస్టర్‌కి ఫోన్ చేశాను. ఆమె అడిగినవన్నీ చెప్పాను. "ఆక్సిజన్ బాగానే ఉంది కదా, బిడ్డకు ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు. ఆలోచించకు, పంపించెయ్" అంది. 108కి చేశాం.

బండి వచ్చేలోగా జరిగిన వాదన నేను మర్చిపోలేను. గౌరినీ పాపనీ వరండాలోకి తెచ్చాను, బండి ఎక్కించడం సులువని. సూరమ్మ ఒప్పుకోలేదు. లోపల వెచ్చగా పెట్టుకుని బయట మంచులో కూర్చోబెడతావా అంది. ఆమె మాటలో తప్పు లేదు. నెల లోపు బిడ్డను వెచ్చగా ఉంచాలని మా పుస్తకంలోనే ఉంది. ప్రతి ఇంటికీ నేనే చెప్పాను. ఇప్పుడు నేనే బయట పెట్టాను. పాపకు ఏమైనా అయితే మంచు వల్లే అంటారు, ఆశే చేసింది అంటారు. రెండుసార్లు లోపలికి తీసుకెళదామని లేచాను. ఆ చీకట్లో మళ్ళీ పాప మొహం కనిపించదన్న భయంతో ఆగిపోయాను. నాకు అంతకు మించిన కారణం ఏదీ తెలియదు. పాపను గౌరి గుండెకు నేరుగా ఆనించి, పైన చీర, దాని పైన దుప్పటి కప్పాను. తూకం తక్కువ పిల్లలకు మేము నేర్పే పద్ధతి అది. బండి వీధి మలుపు తిరిగి కనిపించేసరికి పాప సన్నగా ఒక ఏడుపు ఏడ్చింది.

"సూసినావా, సలికి ఏడస్తన్నాది" అంది సూరమ్మ.

ఆమెను కూడా రమ్మన్నాను. రానంది. "ఇల్లొగ్గేసి నానెక్కడికొస్తాను? గది సల్లబడిపోకుండా సూస్తాను. మీరు ఆకలితోటి వొస్తారు, ఇంకో రొట్టి ఏసి ఉంచుతాను."

ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ పాపను చూసి, గౌరిని చూసి, గుమ్మంలో గోడకు ఆనుకున్న అప్పలనాయుడి వైపు తిరిగింది. అతనికేమైందని అడిగింది. తలనొప్పి, వాంతి అన్నాను. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అంది. వాళ్ళ అత్తకు కూడా తలనొప్పేనన్నాను. "జబ్బు ఒకరికొస్తుంది. ఒకే పొద్దున అందరికీ తలనొప్పి వచ్చిందంటే ఇంట్లో ఏదో ఉంది. గదిలో ఏం కాల్చారు?" అని అడిగింది. ఏమీ కాల్చలేదన్నాడు అప్పలనాయుడు. ఆ తర్వాత కాసేపటికి, అడిగారు కదా అన్నట్టు, "రొట్టి కాలతన్నాదండి, అంతే" అన్నాడు.

ఆమె వెంటనే ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టించింది. పెట్టిస్తూనే నాకు చెప్పింది. నిప్పుల నుంచి ఒక విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, పొగ లేదు. అది నెత్తుట్లో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది. వేలికి పెట్టే మిషన్‌కు ఆ రెంటికీ తేడా తెలియదు, అందుకే మంచి అంకె చూపిస్తుంది. తలుపులు తీసి బయటికి తేవడమే మొదటి వైద్యం అంది. నేను తలుపు తీసింది వెలుతురు కోసమని ఆమెకు చెప్పాను. దేని కోసమైతేనేం అంది.

అప్పుడు సూరమ్మ గుర్తొచ్చింది. గది చల్లబడకుండా చూస్తానంది. అంటే తలుపు మూసేసి ఉంటుంది. గోనె మళ్ళీ కుక్కి ఉంటుంది. కుంపటి మీద ఇంకో రొట్టె ఉంటుంది.

ఇంట్లో ఉండిపోయినది గౌరి ఫోను ఒక్కటే. చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. అప్పలనాయుడు మూతికున్న గొట్టం పీకేసి లేవబోతే నర్సు పట్టుకుని కూర్చోబెట్టింది. గౌరి నా మొహం చూసి, "అమ్మెత్తట్లేదేటత్తా?" అంది. పెరట్లో ఉన్నట్టుంది అన్నాను. బయటికొచ్చి సిస్టర్‌కి ఫోన్ చేశాను. ఆమె మా ఊళ్ళోనే, ఆరోగ్యశాఖ క్లినిక్‌లో ఉంది. "సూరమ్మ గది తలుపు తీయించండి, ఆవిణ్ణి బయటికి లాగండి, మీరు లోపల నిలబడకండి" అన్నాను. ఆమెకు నేను ఆర్డరు వేసినట్టు మాట్లాడింది ఉద్యోగం మొత్తంలో అదొక్కసారే. ఆమె ఎందుకని కూడా అడగలేదు. ఫోన్లో చెప్పుల చప్పుడు వినిపించింది, లైను తెగిపోయింది.

తిరిగి ఫోను వచ్చేదాకా ఆ వసారాలో నేను నిలబడలేదు, కూర్చోలేదు. ఎవరు పలకరించినా వినపడలేదు. ఫోను చేతిలోనే ఉంది, అయినా మోగిందేమోనని పదే పదే చూసుకున్నాను.

సిస్టర్ చేసింది. తలుపు లోపల గడియ వేసి లేదు, అది అదృష్టం. సూరమ్మ కుంపటి పక్కనే గోడకు ఒరిగి పడి ఉంది. పిలిస్తే పలకలేదు. సిస్టరూ ఎదురింటావిడా చెరో రెక్కా పట్టుకుని వరండాలోకి ఈడ్చారు. చాలాసేపటికి కళ్ళు తెరిచిందట. అందరూ మీద పడి ఏమైంది, ఏమైంది అని అడుగుతుంటే, "మూత తియ్యండే, రొట్టి మాడిపోతాది" అందట.

ఆమెను కూడా తెచ్చారు. నలుగుర్నీ విజయనగరం పెద్దాసుపత్రికి పంపారు. పాప ఆ సాయంత్రానికి పాలు తాగింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నేను తూకం వేయబోతే త్రాసు గుడ్డలో కాళ్ళు తన్నింది. సూరమ్మకు తల బరువు తగ్గడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది.

ఇంటికొచ్చాక ఇంకో గొడవ. అప్పలనాయుడి తల్లి బొబ్బిలి నుంచి వచ్చి, నా మనవరాలిని ఈ ఇంట్లో ఉంచనని తల్లినీ బిడ్డనూ తీసుకుపోయింది. సూరమ్మ మూకుడు తీసి అటక మీద పడేసింది. నేను వెళితే, "నా సేత్తో నాను సంపీబోయినాను వదినా" అంది. సంపలేదు కదా అన్నాను. "నీకు వెలుతురు కావలిసొచ్చింది కాబట్టి" అంది.

ఆమె తల్లీ అత్తా అందరూ గదిలో నిప్పుల మీదే కాల్చారు, ఎవరికీ ఏమీ కాలేదు. అవి తాటాకిళ్ళు. చూరు కింద, గోడ పైన ఎప్పుడూ సందులుండేవి, ఎంత మూసినా గాలి ఆడేది. స్లాబు వేసి ఇనప కిటికీ బిగించాక గాలి బయటికి పోవడానికి దారి లేదు. ఇదంతా సిస్టరూ నేనూ కూర్చుని ఆమెకు చెప్పాం. కూతురి పురిటికి ముందు ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు గదిలో పొయ్యి పెడుతున్నావా అని నేను అడిగిన మాట, లేదని ఆమె చెప్పిన మాట కూడా అప్పుడే ఎత్తాను. "నేదు కదా" అంది ఆమె. "పొయ్యి పెరట్లోనే ఉన్నాది. లోపల పెట్టింది నిప్పులే కదా." ఆమె అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన దానికి సరైన జవాబే చెప్పింది.

గౌరి ఎండలు ముదిరాక పిల్లను తీసుకుని వచ్చింది. మరుసటి చలికాలం సూరమ్మ మూకుడు దించింది. రేకుల పంచలోనే కూర్చుని, తలకు తువ్వాలు చుట్టుకుని, వణుకుతూ కాల్చింది. చలికి తిట్టుకుంటూ అందరూ అక్కడే తిన్నారు.

ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చలికాలం బాలింత ఇంటికి వెళితే ముందు కిటికీ చూసేదాన్ని. పొయ్యి ఎక్కడ, పొగ ఉందా అని అడగడం మానేశాను. పొయ్యి అంటే వాళ్ళకు మంట, పొగ. పొగ రాని నిప్పులు ఆ లెక్కలోకి రావు. రొట్టె ఎక్కడ కాలుస్తున్నారని అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేవారు, వెంటనే ఒక ముక్క తినమనేవారు. తలుపు తెరిపించి, ముక్క తీసుకుని బయట కూర్చుని తిని, ఆ తర్వాతే బిడ్డను చూసేదాన్ని. నా తర్వాత వచ్చిన అమ్మాయికి సంచి అప్పజెప్పినప్పుడు ఈ ఒక్క ప్రశ్న నోటితో చెప్పాను. అది పుస్తకంలో లేదు.