చాట దిగినంక

పక్కింటి పెద్దమ్మ పోయిందని నాకు ఆర్మూర్ బస్టాండులో తెలిసింది. పెర్కిట్ ఆటో ఎక్కుతుంటే డ్రైవరే చెప్పాడు, పొద్దున బీడీలు చుడుతూ చుడుతూ గోడకు ఒరిగిపోయిందట. వెంటనే అతను అడిగిన మాట, "మరి గా కుక్క ఎట్ల సారూ?" ఆ రోజు మా గల్లీలో ఎవరిని కదిలించినా ఇదే మాట.

ఆమె నాకు చుట్టం కాదు. అందరూ పెద్దమ్మ అంటే నేనూ అన్నాను. నేను బడిపంతుల్ని, కుక్కలంటే పడని మనిషిని. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది.

హైవే వెడల్పు పనికి వచ్చిన ఇంజనీరొకాయన మా ఎదురింట్లో అద్దెకుండేవాడు. కుక్క ఆయనది. తెల్లగా, పిల్లి కంటే కాస్త పెద్దగా, మూతికి గడ్డంతో ఉండేది. టెర్రియర్ అంటారట. బదిలీ అయి పోతూ దాన్ని పెద్దమ్మకు అప్పజెప్పాడు. ఒంటరి మనిషి, ఇంటికి కాపలాగా మంచి పెద్ద కుక్క కావాలని ఆమె ఎప్పటి నుంచో అంటుండేది. గిది చిన్నది గదా అని ఆమె అడిగితే, చిన్నదే పెద్దమ్మా అని ఆయన నవ్వాడు. ఆయన చెప్పింది జాతి సంగతి. ఆమె వయసనుకుంది.

ఇక పెరుగుతుందని చూడడం మొదలుపెట్టింది. రొట్టె పాలలో నానబెట్టి పెట్టేది. దర్వాజ కట్టెకు బొగ్గుతో గీత గీసి, పండుగ పండుగకు దాన్ని పక్కన నిలబెట్టి చూసేది. రెండేళ్లయినా ఆ గీత దాటలేదు. పేరు కూడా పెద్దదయ్యాకే పెడదామని 'పిల్లా' అని పిలిచేది. నాకు అసలు సంగతి తెలుసు. అంత ఆశ పెట్టుకున్న మనిషికి ఏం చెబుతాంలే అని ఊరుకున్నాను.

పెరగలేదు కానీ, చేయాల్సిన ఆగం అంతా చేసింది. తడిపి గోనెలో చుట్టిపెట్టిన తునికాకును తవ్వి ఇల్లంతా పరిచేది. ఎండాకాలం ముందు ఎదుటి కళ్లంలో పసుపు ఆరబోస్తే, ఎలుకల వెంటపడి కుప్పల్లో దూరి, పొట్ట దాకా పచ్చగా తిరిగి వచ్చేది. పెండ్లికూతురు వచ్చిందని పెద్దమ్మ నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు, ఎందుకంటే తర్వాత అది ఎక్కేది ఆరేసిన నా పంచెల మీదికే. నేను ఫిర్యాదు చేసిన ప్రతిసారీ ఆమె పంచె పట్టుకుపోయి ఉతికి మడిచి తెచ్చి ఇచ్చేది. కుక్కను మాత్రం ఒక్క మాట అనేది కాదు.

పగలంతా ఆమె ఒళ్లో చాట, చాటలో ఆకూ తంబాకూ. కుక్కకు కావలసిందీ ఆ ఒళ్లే. ఎదురుగా కూర్చుని మూలుగుతుంటే, "చాట దిగినంకనే నువ్వు" అనేది పెద్దమ్మ. సాయంత్రం చాట దించి, తంబాకు దుమ్ము రాలేలా రెండుసార్లు నేలకు తట్టేది. ఆ చప్పుడు వింటే చాలు, ఏ కళ్లంలో ఉన్నా ఉరికొచ్చి ఒళ్లో పడేది.

ఒకసారి సూది మందుకని పశువుల దవాఖానకు పోతూ నన్ను తోడు రమ్మంది. డాక్టరు దాని పళ్లు చూసి, ఇది ముసలితనానికి వచ్చింది, ఇంకేం పెరుగుతుందని నవ్వాడు. ఆటోలో ఆమె దానికి కొంగు కప్పి ఒళ్లోకి లాక్కుంది.

"పెర్గకపోతె మాయె" అంది. ఇల్లు దగ్గర పడుతుండగా నా వైపు చూడకుండా అడిగింది. "నేను ముందు పోతె దీన్ని జర సూస్తవా సారూ?"

నేను సంచి సర్దుకుని ఆటో దిగాను. ఆమె మళ్లీ అడగలేదు. ఆ రోజే సరే అని ఉండవలసింది. అనలేదని ఇప్పటికీ బాధే.

దినాలయ్యాక నందిపేట్ నుంచి వచ్చిన కూతురు గిన్నెలు మూటగట్టింది. తమ ఇంట్లో మేకలున్నాయని, కుక్కను తీసుకుపోలేనని చెప్పింది. ఎలుకలకు పనికొస్తుందని పసుపు గోదాం మనిషి ఒకతను తాడు పట్టుకుని వచ్చాడు. అప్పుడే కళ్లంలో పసుపు తొక్కి వచ్చిన కుక్క మంచం కిందికి దూరింది. ఎంత పిలిచినా రాలేదు.

చాట గోడకు ఆనించి ఉంది. బయటికి రప్పిద్దామనే అనుకున్నాను, అంతకు మించి ఏమీ లేదు. చాట తీసి రెండుసార్లు నేలకు తట్టాను.

ఉరికొచ్చింది. తాడు మనిషిని దాటి, కూతురిని దాటి, నా ముందు ఆగి చాట వైపే చూస్తూ కూర్చుంది. నేను చాట పక్కన పెట్టి, కింద కూర్చున్నాను.

గోదాం మనిషి తాడు చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆనాడు నేను కట్టుకున్న పంచె మీద, అది ఒళ్లోకి ఎక్కిన చోట, నాలుగు పసుపు అడుగులు ఇంకా ఉన్నాయి. ఉతికి మడిచి ఇచ్చే మనిషి లేదు. నాకూ ఉతకబుద్ధి కాలేదు.